గడ్డం దించకుండా

ఆసుపత్రి మెట్ల మీద పదకొండు రోజులు కూర్చున్నాం. పన్నెండో రోజు పొద్దున వాళ్ళే దిగొచ్చి మా అన్నయ్య అమెదేని చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్ళి, తలని ఆ గుండ్రటి మిషన్లోకి తోశారు. పోయిన వారం కథ అక్కడ ఆగింది. గెలిచామని మెట్ల మీద డోళ్ళు వాయించాం, అక్రాలు, అవే మా చేప వడలు, పంచుకున్నాం. ఎందుకు గెలిచామో, ఏం గెలిచామో ఎవడికీ తెలీదు. నాకూ తెలీదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా అన్నయ్య ఈ గ్వాడలూప్ దీవిలో, మా కపెస్తేర్ ఊరి అరటితోటల్లో ముప్ఫయ్యొక్క ఏళ్ళు చెట్ల మొదళ్ళలో తెల్లపొడి చల్లాడు. పురుగుని చంపే పొడి. ఒట్టి చేతులతో చల్లాడు, అవే చేతులతో అన్నం తిన్నాడు. సాయంత్రం అవే చేతులతో డోలు వాయిస్తే సముద్రం దాకా వినపడేది. నాలుగేళ్ళ కిందట పడిపోవడం మొదలుపెట్టాడు. ముందుకి కాదు, వెనక్కి. నరికిన గెల పడ్డట్టు. తర్వాత మాట ముద్దయింది. చెయ్యి తనంతట తాను ఎగిరిపడటం మొదలైంది. పార్కిన్సన్ అన్నారు, మాత్రలిచ్చారు. ఆ మాత్రలు గోడకి మింగించినా అంతే పని చేసేవి. మా ఊళ్ళో అతనికంటే ముందే అలాంటి వాళ్ళు ఇంకో ఆరుగురు. ఇది తోటల మందేనని నేను అరిచాను. కోర్టు రుజువు అడిగింది. రుజువు తలకాయ లోపల ఉందన్నాడు మా లాయరు. అందుకే మెట్లెక్కి కూర్చున్నాం. సోమవారం విచారణ. ఇవాళ శుక్రవారం. రిపోర్టు తీసుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను.

డాక్టర్ నాదెజ్ గది గుమ్మం తట్టుకుని పడబోయాను. కొత్త చెప్పులు. నాదెజ్ లేచి చెయ్యి పట్టుకుంది. వాళ్ళమ్మా నేనూ ఒకే షెడ్డులో పదేళ్ళు అరటిపళ్ళు కడిగి పెట్టెల్లో సర్దాం. ఈ పిల్ల ఆ పెట్టెల మధ్యనే పాకింది. ఇప్పుడు తెల్లకోటు.

"కూర్చో ఉజేనీ పిన్నీ. మెట్ల మీద నీ గొంతు నాలుగో అంతస్తుకి వినపడింది. మా ప్రొఫెసరుకి తలనొప్పి వచ్చి సెలవు పెట్టాడు."

"మంచిది. కాగితం ఇవ్వు, పోతాను."

"ముందు బొమ్మలు చూడు. కాగితం తర్వాత."

తెర మీద ఒక తలకాయ. నడిమికి నిలువునా కోసి పక్కనుంచి చూపించినట్టు ఉంది. ముక్కుని బట్టి గుర్తుపట్టాను. మా నాన్న ముక్కు.

"ఇది మెదడు కాండం. ఇక్కడ సన్నబడితే పక్కనుంచి తేనెపిట్టలా కనపడుతుందని పుస్తకాల్లో ఉంది. పొడుగు ముక్కు, చిన్న తల. అమెదే మామయ్యకి పిట్ట సగమే వచ్చింది."

"సగం పిట్టేంటే? జబ్బుందా లేదా?"

"ఉంది. పుస్తకంలో జబ్బు కాదు. ఇదిగో నడిమధ్య నీళ్ళుండే గది. చీలికలా ఉండాలి, వెడల్పయిపోయింది. పైన మడతలు చూడు, సందులు పడ్డాయి. పై పొర కూడా అరిగిపోతోంది." ఇంకో బొమ్మ వేసింది, రంగుల్లో. "ఇది మందెక్కించి తీసింది. మంచి మెదడులో ఇక్కడ రెండు కామాలు వెలుగుతాయి. మామయ్యకి చూడు."

రెండు చుక్కలు. వంట అయిపోయాక పొయ్యిలో మిగిలే నిప్పుల్లా ఉన్నాయి.

"మాత్రలు అందుకే పని చెయ్యలేదు. మాత్ర వెళ్ళి తట్టాల్సిన తలుపు కూడా లేదు లోపల."

ఆ తర్వాత పొడుగాటి కాగితం పరిచింది. తలకి తీగలు అంటించి, ముంజేతికి చిన్న కరెంటు తగిలించి తీసిన గీతలు. మామూలు మనిషి గీత మీద చిన్న అల. అన్నయ్య గీత మీద కొబ్బరిచెట్టంత అల.

"చెయ్యి ఎగిరే ముందు ప్రతిసారీ పై పొరలో ఒక మెరుపు. సెకనులో నలభయ్యో వంతు ముందు. చెయ్యి దోషం కాదు పిన్నీ. చేతికి ఆజ్ఞ వస్తోంది. ఎవరూ ఇవ్వని ఆజ్ఞ."

డోలు మీద దెబ్బ పడేముందు లోపల ఒక దెబ్బ పడుతుందని అన్నయ్య అనేవాడు. అది వినపడనివాడు డోలు ముట్టుకోకూడదనేవాడు.  

కళ్ళ పరీక్ష గురించి నాకు చెప్పక్కర్లేదు. ఆరోజు అద్దం వెనక నిలబడి చూశాను. అన్నయ్య గడ్డానికి పట్టీ కట్టారు, తల కదలకుండా. ఎదురుగా ఎర్రచుక్క. చుక్క పక్కకి వెళ్తే కళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాయి. చుక్క కిందకి దిగింది. కళ్ళు దిగలేదు. చుక్క కింద వెలుగుతూనే ఉంది, అన్నయ్య ఎదురుగోడని చూస్తూనే ఉన్నాడు. మెడలో నరాలు తేలాయి, పట్టీని తెంచేలా. ఆరోజు నాకు ఒకటి అర్థమైంది. రెండేళ్ళుగా చొక్కా మీద పులుసు పోసుకుంటున్నాడని వదిన కసురుకునేది. ఆ మనిషికి తన పళ్ళెం కనపడటం లేదు.

"సరే," అన్నాను. "ఇదంతా తోటల మందు వల్ల అని రాశావుగా?"

నాదెజ్ కళ్ళజోడు తీసింది.

"ఇదే రకం వాళ్ళు నా దగ్గర ఇరవై ఏడు మంది ఉన్నారు. తోటల్లో చేసినవాళ్ళు పదకొండు మంది. మిగతా వాళ్ళలో ఒక టీచరు, ఒక దర్జీ, ఒక ఫాదరు."

"మందు నీళ్ళలోకి దిగింది. నీళ్ళు అందరూ తాగారు."

"దిగింది. నేనూ అవే నీళ్ళు తాగి పెరిగాను, అది కప్పిపుచ్చేవాళ్ళని నేనూ తిడతాను. కానీ పిన్నీ, ఇరవై ఏడు మందినీ ఒకే ప్రశ్న అడిగాను. నిన్నూ అడుగుతున్నాను. మామయ్య ముళ్ళసీతాఫలం ఆకు కషాయం తాగుతాడా?"

నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను.

"మీ అమ్మ తాగుతుందా అని అడగవేం? నీకు ఉగ్గుపాలలో కలిపి పోసింది అదే. పసిబిడ్డకి నిద్ర పట్టకపోతే ఏం పోస్తాం? ముసలాడికి గుండె దడొస్తే ఏం పోస్తాం? ఫ్రాన్సులో చదివొచ్చి మా పెరట్లో చెట్టు మీద పడ్డావా?"

"ఎంత తాగుతాడు? రోజుకి గిన్నెడా, రెండా?"

"ఆ మందు కంపెనీ వాళ్ళు నిన్ను ఎంతకి..."

"ఆ మాట పూర్తి చెయ్యకు," అంది నాదెజ్. గొంతు పెంచలేదు. "మా నాన్న ఏ తోటలో పోయాడో నీకు తెలుసు. ఎంత తాగుతాడు?"

లెక్క వేశాను. 

ఆ లెక్క మా వదినది కాదు, నాది. పాత సమ్మెలో తాగిన ఇద్దరు కుర్రాళ్ళు జెండార్మీ పోలీసుల మీద సీసా విసిరారు, వాళ్ళు తుపాకులెత్తారు, ఒకడి మోకాలు పోయింది. ఆ తర్వాత నేనొక రూలు పెట్టాను. సమ్మె చోట రమ్ము చుక్క ఉండకూడదు. రమ్ము లేకపోతే మగాళ్ళు కూర్చోరన్నారు. అయితే ఆకు కాచండన్నాను. ఒళ్ళు చల్లబడుతుంది, తలకాయ నిలబడుతుంది, ఎవడు రెచ్చగొట్టినా చెయ్యి లేవదు. పెద్ద డేగిసా నేనే తెచ్చాను. ఆ తర్వాత వచ్చిన నలభై నాలుగు రోజుల సమ్మెలో అది పొయ్యి దిగలేదు. అన్నయ్య డోలు తోలు కాచుకోడానికి నిప్పు పక్కనే కూర్చునేవాడు. అతని గిన్నె ఖాళీ అవగానే నింపేది నేను. ఆ సమ్మె అయిపోయినా అలవాటు పోలేదు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి మీటింగుకీ అదే డేగిసా. మా సంఘం గుర్తు ఏంటని బయటివాళ్ళని అడిగితే జెండా కాదు, ఆ డేగిసానే చెప్తారు.

"ఎక్కువ," అన్నాను. "చాలా ఎక్కువ."

"నేను బైబిలు మీద చెయ్యేసి చెప్పలేను. ఆకులో, గింజలో ఉన్న సరుకు నరాలని చంపుతోందని అనుమానం. ఎలకలకిచ్చి చూస్తున్నారు, తేలలేదు. మందూ ఆకూ రెండూ కలిశాయో, ఏది ఎంతో, ఎవరికీ తెలీదు. కానీ మానేసిన వాళ్ళలో, మొదట్లోనే మానేసిన వాళ్ళలో, కొందరికి అక్కడితో ఆగింది. అది నా కళ్ళతో చూశాను. మూడో పేజీలో అదే రాశాను."

"అన్నయ్య మానేస్తే?"

తెర మీద చుక్కల వైపు చూసింది. "ఆగదు పిన్నీ."

"ఎన్నాళ్ళు?"

"మింగడం పోయేదాకా. ఏడాది. ఏడాది కూడా ఎక్కువే చెప్తున్నానేమో."

కాగితాలు కవర్లో పెట్టి ఇచ్చింది. లేచాను. గుమ్మం దగ్గర మళ్ళీ చెయ్యి పట్టుకుంది, ఈసారి తట్టుకోకముందే.

"గురువారం నువ్వోసారి రా. ఊరికే చూస్తాను."

"నాకేం రోగం? అరవై రెండు, గుర్రంలా ఉన్నాను."

"రా పిన్నీ," అంది. నవ్వలేదు.

సంఘం హాలు బయట లాయరు బెల్‌రోజ్ కారుకి ఆనుకుని ఉన్నాడు. మంచివాడే. ఏడేళ్ళుగా మా కేసు మోస్తున్నాడు, చొక్కా కాలర్లు చిరిగిపోయాయి. కవరు లాక్కుని అక్కడే నిలబడి చదివాడు. మూడో పేజీ దగ్గర మొహం రంగు మారింది.

"ఇది ఎవరైనా చూశారా?"

"నువ్వు చూశావు."

"అయితే ఇంకెవరూ చూడక్కర్లేదు మేడమ్ ఉజేనీ. మొదటి రెండు పేజీలు బంగారం. మెదడు పాడైంది, మామూలు పార్కిన్సన్ కాదు, ఈ దీవిలోనే ఉంది. జడ్జికి అంతవరకు చాలు. మూడోది నా సంచిలో ఉంటుంది."

"అది అబద్ధం కదా?"

"అబద్ధం కాదు. చెప్పకపోవడం. వాళ్ళ లాయరుకి ఈ పేజీ దొరికితే ఏమంటాడో తెలుసా? మీ విషం మీరే కాచుకున్నారు, మీ పొయ్యి మీద, మీ చేత్తో, అంటాడు. ఏడేళ్ళు పోతాయి. అమెదే పోతాడు. ఆ పొడి అమ్మినవాళ్ళు ఒక్క రోజు కూడా బోనులో నిలబడరు. నీకు కావాల్సింది అదేనా?"

కాదు. నాకు కావాల్సింది వాళ్ళు బోనులో నిలబడటం. అన్నయ్య బతికుండగా వాళ్ళు నిలబడి మా మొహాలు చూడటం. ఇరవై రెండేళ్ళుగా అదొక్కటే కావాలి. బెల్‌రోజ్ చెప్పేది తప్పని అనలేకపోయాను. ఇప్పుడూ అనలేను. అయినా మూడు పేజీలూ అతని చేతిలోంచి తీసుకుని కవర్లో పెట్టుకున్నాను.

హాల్లోంచి కమ్మటి వాసన వస్తోంది. ఆకు మరుగుతున్న వాసన.

లోపల నలభై మంది దాకా ఉన్నారు. నన్ను చూడగానే చప్పట్లు. డేగిసా దగ్గర క్లెమాన్స్ వదిన, చేతిలో గరిటె. అన్నయ్యని కుర్చీలో దుప్పటితో కట్టి కూర్చోబెట్టారు. మెడ వెనక్కి వాలి, కళ్ళు పెద్దవి చేసి, ఎదురుగోడని చూస్తున్నాడు. ఏదో ఆశ్చర్యం చూసినవాడిలా. అతని మొహం ఇక ఎప్పుడూ అలాగే ఉంటుంది. వదిన ఆ గరిటె కొసతోనే కషాయం అతని నోట్లో పోస్తోంది. అతని కుడిచెయ్యి ఒళ్ళో ఎగిరిపడుతోంది, ఎవరూ ఇవ్వని ఆజ్ఞకి.

"ఉజేనక్కా, రెండు గంటలు మాట్లాడేటట్టయితే ముందే చెప్పు, నేను దిండు తెచ్చుకుంటా," అన్నాడు సిల్వేర్. వాడు తోటలో అన్నయ్య పక్క వరస. డెబ్భై దాటాయి, నాకంటే పెద్దయినా అక్కా అనే అంటాడు, నోరు ఇరవై దగ్గరే ఆగింది.

"నీ పెళ్ళాం పక్కలో చోటివ్వక ఇక్కడ పడుకోడానికి వచ్చావని అందరికీ తెలుసులేరా," అంది వెనకనుంచి ఎవరో. నవ్వులు.

ఒకమ్మాయి నా చేతిలో గిన్నె పెట్టింది. వేడిగా ఉంది. పక్కన బల్ల మీద పెట్టేశాను.

"ఇవాళ ఉపన్యాసం లేదు," అన్నాను. "అందరూ లేవండి. గోడకి ఆనుకోండి. నేను చెప్పినట్టు చెయ్యండి."

"జెండార్మీ అయిపోయింది అక్క," అన్నాడు సిల్వేర్. అయినా లేచాడు. అందరూ లేచారు. నేను చెప్తే లేస్తారు. అదే కదా నా పాపం.

"తల గోడకి ఆనించండి. గడ్డం దించకూడదు. కదపకూడదు. ఇప్పుడు కళ్ళతో మాత్రమే మీ చెప్పులు చూడండి."

గుసగుసలు, నవ్వులు. ఎవడో తన చెప్పు తెగిందన్నాడు. నేను ఒక చివరనుంచి ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ నడిచాను. దిగిన కళ్ళు. దిగిన కళ్ళు. దిగిన కళ్ళు. తొమ్మిదో మనిషి, పెట్టెలు కట్టే జోజెఫిన్. గడ్డం కిందకి వచ్చింది.

"గడ్డం దించకు జోజెఫిన్."

"దించలేదే."

"మళ్ళీ చూడు."

మళ్ళీ గడ్డమే వచ్చింది. వేలితో ఆపాను. కళ్ళు నా మొహం మీదే ఉండిపోయాయి. నవ్వుతూనే ఉంది, ఇంకా తెలీలేదు. పదహారో మనిషి ఒకడు. ఇరవయ్యారో మనిషి ఒకామె. సిల్వేర్ దగ్గరికొచ్చాను. వాడు జోకు సిద్ధం చేసుకుని ఉన్నాడు. కళ్ళు దించమన్నాను. ప్రయత్నించాడు. జోకు నోట్లోనే ఉండిపోయింది.

"నా కళ్ళకేమైందక్కా?" అన్నాడు మెల్లిగా.

అందరూ ఒకేసారి అన్నయ్య వైపు తిరిగారు. రెండేళ్ళుగా తన పళ్ళెం కనపడని మనిషి వైపు.

మూడో పేజీ తీశాను. గుమ్మంలో బెల్‌రోజ్ వద్దని తలూపాడు. చదివాను. నాకొచ్చిన మాటల్లోకి మార్చి చదివాను. ఇరవై ఏడు మంది. ఆకు. తేలలేదు, కానీ మొదట్లో ఆపితే కొందరికి ఆగింది. తర్వాత నా మాట చెప్పాను: "రమ్ము వద్దని ఈ డేగిసా పెట్టింది నేను. ఈ పేజీ చదివితే కేసు పోతుందని లాయరు చెప్పాడు. పోతుంది. చదివాను."

తల ఎత్తేసరికి గుమ్మంలో బెల్‌రోజ్ లేడు. కారు వెళ్ళిన చప్పుడు వినపడింది.

డేగిసా చెవులు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చి వంచేశాను. నీళ్ళు మట్టిలోకి పోయాయి, ఆకులు మిగిలాయి. ఒక్కరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. నన్ను కొడితే ఇంకా బాగుండేది.

తిరిగి వచ్చేసరికి వదిన అన్నయ్య ముందు మోకాళ్ళ మీద ఉంది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో సగం తాగించిన గిన్నె.

"నీళ్ళిస్తే పొలమారుతుంది ఉజేనీ," అంది నావైపు చూడకుండా. "పాలిచ్చినా పొలమారుతుంది. ఇదొక్కటే దిగుతోంది. ఇది మానేస్తే ఏం పొయ్యమంటావు?"

అన్నయ్య గడ్డం మీద కారిన చుక్క తుడిచాను.

"రోజూ రాత్రి నేను పోశాను. మీటింగుల్లో నువ్వు పోశావు. ఇద్దరం కలిసి పోశాం." గిన్నె కింద పెట్టింది. ఆమె ఏడవలేదు. అన్నయ్య గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మాట కాదు. గిన్నె ఏదని అడుగుతున్నాడని ఆమెకి అర్థమైంది, నాకూ అయింది. ఆమె ఇవ్వలేదు. అతని చెయ్యి ఒళ్ళో కొట్టుకుంది, మూడుసార్లు.

వదిన లేచి నా ఎదురుగా నిలబడింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"అందరి కళ్ళూ చూశావు. అందరితో సమానంగా తాగావు. నీవి ఎవరు చూశారు?"

"గురువారం డాక్టరు దగ్గరికి..."

"గురువారం దేనికి? గోడకి ఆను."

ఆనాను. నేను చెప్తే అందరూ లేచినట్టే. వదిన చేతిలో గరిటె వదిలేసింది. నా కాళ్ళ దగ్గరే ఖణేలుమని పడింది. తడి వేళ్ళతో నా గడ్డం పట్టుకుంది, గట్టిగా, నాదెజ్ పట్టీకంటే గట్టిగా.

నలభై మంది మొహాలు నాకు కనపడుతున్నాయి. గుమ్మం కనపడుతోంది. గుమ్మం అవతల బోర్లా పడ్డ డేగిసా కనపడుతోంది. కంటికి ఎదురుగా ఉన్నవన్నీ కనపడుతున్నాయి.

"ఇప్పుడు చెప్పు ఉజేనీ," అంది వదిన. "గరిటె ఎక్కడ పడింది?"